రెక్క కొస ఎవరి బాధ్యత?

నేల మీద మెల్లగా కదులుతున్న విమానం రెక్క ఇంకో విమానం తోకకు తగిలిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ వాదన ఒకే చోట మొదలవుతుంది: తప్పు పైలట్‌దా, విమానాలకు దారి చెప్పే కంట్రోల్ టవర్‌దా? 1977 టెనెరీఫే, 2001 మిలాన్ లినాటె ప్రమాదాల గురించి చాలాసార్లు చదివే ఉంటారు. అవి రన్‌వే మీద జరిగినవి. వాటి తర్వాత వచ్చిన జాగ్రత్తల్లో ఎక్కువ భాగం రన్‌వే కోసమే. ట్యాక్సీవే (రన్‌వేకూ గేటుకూ మధ్య విమానం నడిచే దారి), ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు) గొడవ అర్థం కావాలంటే 2012 సెప్టెంబరు దగ్గర ఆగాలి.

అంతకు ముందు ఏడాదిన్నర లోపు అమెరికాలో మూడు ఘటనలు జరిగాయి. 2011 ఏప్రిల్‌లో న్యూయార్క్ జేఎఫ్‌కేలో ఎయిర్ ఫ్రాన్స్ ఏ380 ఎడమ రెక్క, అప్పుడే దిగి ఏప్రన్‌లోకి వెళ్లేందుకు ఆగి ఉన్న చిన్న జెట్ తోకను కొట్టి, దాన్ని బొంగరంలా పక్కకు తిప్పేసింది. అదే ఏడాది జులైలో బోస్టన్‌లో డెల్టా 767, 2012 మేలో షికాగోలో ఈవా ఎయిర్ 747 కార్గో విమానం అదే పని చేశాయి. మూడింటిలోనూ తగిలింది పెద్ద విమానం రెక్క, దెబ్బతిన్నది చిన్న విమానం తోక. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసిన అమెరికా రవాణా భద్రతా బోర్డు (ఎన్‌టీఎస్‌బీ) ఆ సెప్టెంబరులో తేల్చింది సూటిగా ఉంది. ఈ విమానాల్లో కూర్చున్న పైలట్‌కు తన రెక్క కొస కనిపించదు. కిటికీ తెరిచి తల బయటపెడితే కనిపించొచ్చు, కానీ ట్యాక్సీ చేస్తూ, అంటే నేల మీద నడుపుతూ, అది కుదిరే పని కాదు. కాబట్టి రెక్క కొసలు ఎటు పోతున్నాయో చూపించే కెమెరా లాంటి సాధనం పెద్ద విమానాల్లో ఉండాలని, కొత్తగా తయారయ్యేవాటిలోనే కాక ఇప్పటికే తిరుగుతున్నవాటిలోనూ పెట్టించాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకు సిఫారసు చేసింది. యూరప్ నియంత్రణ సంస్థకూ అదే చెప్పింది. ఎఫ్‌ఏఏ దాన్ని తప్పనిసరి చేయలేదు. ఈ వాదనకు మూలం అక్కడే ఉంది.

'చూసుకుని నడపొచ్చు కదా' అనేవారు మలుపులో ఏం జరుగుతుందో గమనించాలి. పెద్ద జెట్ల రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి. ముందు చక్రం తిప్పినప్పుడు విమానం తిరిగేది వెనక ప్రధాన చక్రాల వరుస మీద ఉన్న ఒక బిందువు చుట్టూ. రెక్క కొస ఆ వరుసకూ వెనక ఉంటుంది. అందుకే మలుపు బయటి వైపున్న కొస, నేరుగా వెళ్లేటప్పటి కంటే ఇంకా బయటికి జరుగుతుంది. తోక కూడా అంతే. తిన్నగా వెళ్తున్నప్పుడు సరిపోతుందనుకున్న జాగా మలుపు మధ్యలో చాలదు. ఏ350-900 రెక్కల వెడల్పు 64.75 మీటర్లు. అంటే పైలట్ కూర్చున్న మధ్య గీత నుంచి కొస 32 మీటర్ల పైచిలుకు పక్కన, అది కూడా చాలా వెనక. ఏ380, 777-300ఈఆర్ లాంటి వాటిలో ట్యాక్సీ కెమెరాలు ఉన్నాయన్నది నిజమే. కానీ అవి ప్రధానంగా చక్రాలు గీత మీద ఉన్నాయో లేదో చూసుకోవడానికి పెట్టినవి.

రూల్స్ అన్నీ గీత చుట్టూనే తిరుగుతాయి. ముందు చక్రం పసుపు గీత మీద ఉంటే రెక్కకు జాగా ఉంటుందని లెక్క. ఆ లెక్క పక్క విమానం కూడా ఉండాల్సిన చోటే ఉంటుందని నమ్ముకుంటుంది. రన్‌వే ముందు ఆగిన విమానం హోల్డింగ్ గీత దాకా రాకుండా కొంచెం వెనకే నిలబడితే దాని తోక వెనకున్న ట్యాక్సీవేలోకి వచ్చేస్తుంది. పైగా 2018లో ఐక్యరాజ్యసమితి పౌర విమానయాన సంస్థ ఐకావో ట్యాక్సీవే మధ్య గీతకూ పక్కనున్న వస్తువుకూ ఉండాల్సిన కనీస దూరాన్ని, 65 మీటర్ల లోపు రెక్కలున్న విమానాల వర్గానికి, 47.5 నుంచి 43.5 మీటర్లకు తగ్గించింది. విమానాలు గీత నుంచి పక్కకు జరిగేది తక్కువేనన్న అధ్యయనాలే అందుకు ఆధారం. కొస దగ్గర మిగిలే జాగా 15 మీటర్ల నుంచి 11కు దిగింది. ఇక స్టాండ్ (విమానం నిలిపే స్థలం) దగ్గరైతే పెద్ద విమానాలకు ఉండాల్సింది 7.5 మీటర్లే.

ఇక ఇలాంటి ఘటనలు ఏ లెక్కలో పడతాయన్న సంగతి. 2004 నాటి ఐకావో నిర్వచనం ప్రకారం రన్‌వే ఇన్‌కర్షన్ అంటే విమానాలు దిగే, ఎగిరే స్థలంలోకి ఉండకూడనిది రావడం. ట్యాక్సీవేలో రెక్క తోకను కొడితే అది ఆ పద్దులో పడదు. ఏప్రన్ అయితే చాలాచోట్ల టవర్ కంట్రోలర్ పరిధిలోనే ఉండదు. అమెరికాలో ఆ సరిహద్దుకు నేల మీద రెండు పసుపు గీతలుంటాయి. నిండు గీత ఏప్రన్ వైపు, తెగిన గీత ట్యాక్సీవే వైపు. ఆ గీతలకు అవతల దారి చూపేది ఎయిర్‌లైన్‌దో ఎయిర్‌పోర్టుదో ర్యాంప్ (ఏప్రన్) సిబ్బంది. ఇవతల కంట్రోలర్ ఉన్నా, రెక్క తగలకుండా చూసుకోవాల్సింది పైలటే.

2024 సెప్టెంబరు 10న అట్లాంటాలో డెల్టా ఏ350 రెక్క, రన్‌వే ముందు ఆగి ఉన్న చిన్న జెట్ సీఆర్‌జే-900 వెనక నుంచి వెళ్తూ దాని తోక భాగాన్ని ఊడదీసింది. 2011-12 నాటి మూడు ఘటనలకు ఇది నకలు. 2025 ఫిబ్రవరి 5న సియాటెల్‌లో డీఐసింగ్ (విమానం మీది మంచు తొలగించడం) కోసం వరుసలో ఉన్న డెల్టా 737 తోకలో జపాన్ ఎయిర్‌లైన్స్ 787 రెక్క ఇరుక్కుపోయింది. అది కంట్రోలర్ల పరిధిలో లేని చోటని ఎఫ్‌ఏఏ వెంటనే ప్రకటించింది.

కెమెరాలు అక్కర్లేదనేవారి మాట: వేగం తక్కువ, ప్రాణనష్టం లేదు, పాత విమానాలకు అమర్చి సర్టిఫికేషన్ చేయించడం ఖర్చు, బయటికి చూడాల్సిన వేళ పైలట్ స్క్రీన్ చూస్తాడు. చివరిది ఆలోచించాల్సిందే. ప్రాణనష్టం లేదన్నది మాత్రం అదృష్టాన్ని రూలుగా చెప్పడం. 2018 జనవరిలో టొరంటోలో పుష్‌బ్యాక్ చేస్తున్న (గేటు నుంచి వెనక్కి నెడుతున్న) సన్‌వింగ్ విమానం తోక, గేటు కోసం ఆగిన వెస్ట్‌జెట్ 737 రెక్కకు తగిలి మంటలు లేచాయి. ప్రయాణికులను స్లైడ్ల మీదుగా దించాల్సి వచ్చింది. రెక్కలో ఉండేది ఇంధనం. కార్బన్ ఫైబర్ రెక్కకు తగిలిన దెబ్బ పైకి కనిపించకుండా లోపలి పొరలను విడదీయొచ్చు, అల్ట్రాసౌండ్ పరీక్ష చేస్తే గానీ తెలియదు.

ప్రస్తుతానికి పైలట్లకున్న ఉపాయం పాతదే. అనుమానం వస్తే ఆగి, పార్కింగ్ బ్రేక్ వేసి, రెక్క దగ్గర నడిచే మనిషిని పంపమనడం. ఆ మనిషి వచ్చేదాకా వెనక క్యూ పెరుగుతుంది, ఎగరడానికి ఇచ్చిన సమయం (స్లాట్) పోతుంది. ఇక కాక్‌పిట్‌కే నేరుగా హెచ్చరిక ఇవ్వాలని ఎన్‌టీఎస్‌బీ 2000 నుంచి అడుగుతున్న వ్యవస్థలు ఇప్పుడు కొన్ని వస్తున్నా, అవి చూసేది రన్‌వేనే. విమానం తానెక్కడుందో చెబుతూ పంపే ఏడీఎస్-బీ సంకేతంలో పొడవు, వెడల్పుల కోడ్ ఉంటుంది గానీ, స్థానంలో కొన్ని మీటర్ల తేడా మామూలే. 7.5 మీటర్ల సందులో రెక్క పడుతుందా లేదా చెప్పడానికి అది చాలదు. అక్కడ పనికొచ్చేది రెక్క కొసలో కూర్చుని ఎదుటి తోకను నేరుగా చూసే కెమెరా, లేదా దూరాన్ని కొలిచే సెన్సార్. 2012 సిఫారసు అడిగిందీ అలాంటి దాన్నే.