ఎట్టీ హిల్లెసుమ్ డైరీ: ఆ తేదీల వెనక ఏం జరిగింది

నాజీల కాలంలో డైరీ రాసి, వాళ్ల శిబిరంలోనే చనిపోయిన డచ్ యూదు యువతి ఎట్టీ హిల్లెసుమ్ ప్రస్తావన వస్తే చాలు, పాత వాదన మళ్లీ మొదలవుతుంది. స్నేహితులు చోటు చూపిస్తామన్నా ఆమె దాక్కోలేదు. పైగా తనే అడిగి మరీ శిబిరానికి వెళ్లింది. అది ఆత్మబలమా, చేతులెత్తేయడమా? డైరీలోంచి నాలుగు మంచి వాక్యాలు ఏరుకుంటే ఎటువైపైనా వాదించొచ్చు. నాజీల ఉత్తర్వుల తేదీలతో కలిపి చదివితే మాత్రం అంత తేలిగ్గా తీర్పు చెప్పలేం.

ఎట్టీ 1914 జనవరి 15న నెదర్లాండ్స్‌లోని మిడెల్బర్గ్‌లో పుట్టింది. తండ్రి గ్రీకు, లాటిన్ పండితుడు, డెవెంటర్‌లో ప్రధానోపాధ్యాయుడు. తల్లి రష్యాలో యూదుల మీద దాడులు జరుగుతుంటే పారిపోయి వచ్చినావిడ. ఇంట్లో మతాచారం అంతంతమాత్రం. ఎట్టీ ఆమ్‌స్టర్‌డామ్‌లో న్యాయశాస్త్రం చదివి, రష్యన్ పాఠాలు చెబుతూ, భార్య పోయిన ఒక పెద్దాయన ఇంట్లో ఉంటూ ఆ ఇల్లు చూసుకునేది.

1941 మార్చిలో ఆమె డైరీ మొదలుపెట్టింది చికిత్సలో భాగంగానే. ఆ చికిత్స చేసింది యూలియస్ స్పియర్. జర్మనీ నుంచి వచ్చిన యూదుడు, మనస్తత్వవేత్త యూంగ్ దగ్గర నేర్చుకున్నవాడు, అరచేతులు చూసి మనస్తత్వం చెప్పేవాడు. వాళ్లిద్దరి సంబంధం గురుశిష్యుల హద్దుల్లో ఆగలేదు, డైరీ ఆ సంగతి దాచదు. తొలి నోటుపుస్తకాల్లో దేవుడికన్నా కడుపునొప్పి, అసూయ, తిండి యావ ఎక్కువ. ఆ జూన్‌లో ఆమె ఒక చిన్న నియమం పెట్టుకుంది: పొద్దున్నే పని మొదలుపెట్టకముందు అరగంట నిశ్శబ్దంగా కూర్చుని లోపలికి చెవి పెట్టడం. మోకరిల్లడం ఆమెకు సిగ్గనిపించేది. స్నానాల గదిలో కొబ్బరిపీచు చాప మీద నేర్చుకుంది. రిల్కే కవిత్వం, సెయింట్ అగస్టీన్, మత్తయి సువార్త ఆమె చేతిలో నలిగిన పుస్తకాలు. అలాగని ఆమె మతం మారలేదు. క్రైస్తవులు తమలో కలిపేసుకోవాలని చూసినప్పుడల్లా గుర్తుచేయాల్సిన విషయమిది.

బయట పరిస్థితి వేరు. నెదర్లాండ్స్ 1940 మేలో జర్మనీ చేతికి చిక్కింది. 1941 జనవరిలో యూదులంతా పేర్లు నమోదు చేసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. నాజీల లెక్కలో దాదాపు 1,40,000 మంది తేలారు. డచ్ వాళ్ల జనాభా రికార్డులు ముందునుంచీ పక్కాగా ఉండటం ఇక్కడే ప్రాణం మీదికి తెచ్చింది, ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో వెతకాల్సిన పనే లేకపోయింది. 1942 మే 3 నుంచి యూదులు బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలి. జూన్ 30 నుంచి రాత్రి ఎనిమిది తర్వాత గడప దాటకూడదు, ట్రాము ఎక్కకూడదు, సైకిలు తొక్కకూడదు.

ఆ తర్వాత మూడు రోజులకే, జూలై 3న, వాళ్లు కోరుతున్నది మన సంపూర్ణ నాశనమేనని ఆమె డైరీలో స్పష్టంగా రాసుకుంది. అమాయకంగా ఆశ పెట్టుకున్న మనిషి రాసే రాత కాదిది. జూలై 12 ఆదివారం పొద్దున రాసిన ప్రార్థన చాలామందికి తెలుసు: దేవుడు మనకు సాయం చేయలేడు, మనలో ఉన్న ఆయన్ని మనమే కాపాడుకోవాలి అన్న భావం అందులో ఉంది. జూలై 15న, యూదుల్ని పంపేముందు ఉంచే వెస్టర్‌బోర్క్ శిబిరం నుంచి నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌కి మొదటి రైలు కదిలింది. అదే రోజు ఆమెకు యూదు మండలిలో, అంటే నాజీలు తమ ఉత్తర్వులు యూదుల చేతే అమలు చేయించడానికి పెట్టించిన సంఘంలో, ఉద్యోగం దొరికింది. ఆ ఉద్యోగం ఉన్నవాళ్లను కొంతకాలం ఆ రైళ్లలో పంపరు. అందుకే ఆమెకు అది గొంతులో ముల్లు. కొద్దిమంది యూదులు మిగతావాళ్లను పంపించడంలో చేయి కలపడం ఎన్నటికీ సరిదిద్దుకోలేని పని అని రాసింది. రెండు వారాలు తిరిగేసరికి వెస్టర్‌బోర్క్ శిబిరంలో పనికి వేయమని అడిగి వెళ్లిపోయింది.

వెస్టర్‌బోర్క్ ఎలా నడిచేదో తెలిస్తే ఆమె దాక్కోకపోవడం వెనకున్న లెక్క అర్థమవుతుంది. 1939లో జర్మనీ నుంచి వచ్చిన కాందిశీకుల కోసం డచ్ ప్రభుత్వం కట్టిన శిబిరమది, 1942 జూలై 1న జర్మన్ల చేతికి వెళ్లింది. రైలుకు ఎంతమంది అన్నది పైనుంచి వచ్చేది. పేర్లు మాత్రం శిబిరంలోని యూదు సిబ్బందే రాయాలి. 1943లో సోమవారం రాత్రి బారకాసుల్లో పేర్లు చదివేవాళ్లు, మంగళవారం పొద్దున రైలు కదిలేది. సంఖ్య మారదు కాబట్టి ఒకరు తప్పుకుంటే ఆ చోటులోకి ఇంకొకరు వెళ్తారు. ఆమె వాదన అదే. ఒప్పుకోవాలని లేదు, దాక్కుని బతికినవాళ్లు వేలల్లో ఉన్నారు. కానీ అది ఉదాసీనత కాదు. 1943 జూన్‌లో అమ్మానాన్నల్నీ తమ్ముడు మిషానీ శిబిరానికి పట్టుకొచ్చాక, ప్రతి వారం వాళ్ల పేర్లు జాబితాకెక్కకుండా చూడటానికి ఆమె పడిన పాట్లు ఉత్తరాల్లో ఉన్నాయి.

ఆ పాట్లు సెప్టెంబరు దాకానే పనిచేశాయి. తల్లి నేరుగా నెదర్లాండ్స్‌లో నాజీల ఎస్ఎస్ దళానికి అధిపతైన రౌటర్‌కి విన్నపం రాసింది. బదులుగా కుటుంబాన్ని వెంటనే పంపమని ఆజ్ఞ వచ్చింది. సెప్టెంబరు 7న 987 మందితో రైలు కదిలింది. ఎట్టీ అందులోంచి విసిరిన పోస్టుకార్డు పట్టాల పక్కన రైతులకు దొరికింది. రెడ్‌క్రాస్ నమోదు ప్రకారం ఆమె 1943 నవంబరు 30న ఆష్విట్జ్‌లో చనిపోయింది.

నోటుపుస్తకాలు మాత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఉన్నాయి. చివరిసారి శిబిరానికి వెళ్లేముందు వాటిని రచయిత క్లాస్ స్మెలిక్‌కి చేర్చమని ఒక స్నేహితురాలికి అప్పగించింది. యుద్ధం తర్వాత ఆయన ప్రయత్నించినా ప్రచురణకర్త దొరకలేదు. ఆమె దస్తూరీ చదవడం కూడా కష్టమే. 1981 అక్టోబరులో సంక్షిప్త ప్రతి వచ్చింది. అందులో చాలా భాగం వదిలేశారు కాబట్టి పాఠకులకు ఎట్టీ సాధ్విలా కనిపించింది. 1986లో పూర్తి పాఠం వచ్చాకే రోజువారీ చిరాకులతో సహా అసలు మనిషి దొరికింది. ఇప్పటికీ ఏడో నోటుపుస్తకం లేదు. మిగిలిన పది 1942 అక్టోబరు 13తో ఆగిపోతాయి. కాబట్టి 1943 నాటి ఎట్టీ గురించి ఎవరు ఏం చెప్పినా, అది ఉత్తరాల మీద ఆధారపడి చెప్పేదే. ఉత్తరాలేమో ఇతరులు చదవడానికి రాసినవి.