దత్తత ఇంట్లో మూడు గతాలు

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వంటి ఒడిశా సరిహద్దు పట్టణాల తెలుగు కుటుంబాలకు దత్తత కొత్త విషయం కాదు. పిల్లలు లేని అన్నకు తమ్ముడు తన రెండో కొడుకును ఇవ్వడం, చెల్లెలి కూతురిని తెచ్చి పెంచుకోవడం తరతరాలుగా ఉన్నదే. ఇప్పుడు దానికి తోడు, కేంద్ర దత్తత వనరుల సంస్థ 'కారా' ద్వారా, బంధుత్వం మాట అటుంచి పుట్టిన ఊరు కూడా తెలియని శిశువులు ఇళ్లకు వస్తున్నారు. బాలల న్యాయ చట్టానికి 2021లో చేసిన సవరణ తరువాత అటువంటి దత్తతకు ఉత్తర్వును కోర్టుకు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. పద్ధతి మారినా పెద్దల సందేహం మారలేదు. పిల్లవాడు అడిగినదానికి బదులు పలక్కపోయినా "ఎవరి రక్తమో, బుద్ధి ఎక్కడికి పోతుంది" అనే మాట వచ్చేస్తుంది. ఆ మాటకు ఈమధ్య విజ్ఞానశాస్త్రం పేరుతో కొత్త మద్దతు దొరికింది: పూర్వీకులు పడిన కష్టం జన్యువుల మీద గుర్తులు వేసి మనవల దాకా వస్తుందని పత్రికలు రాస్తున్నాయి. అందులో నిజం పాలు ఎంతో చూడాలి.

ఈ వాదానికి ఎక్కువగా చూపే ఆధారం నెదర్లాండ్స్‌ది. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో, జర్మన్ సైన్యం ఆహార సరఫరాను అడ్డుకోవడంతో ఆ దేశపు పశ్చిమ భాగం కరువు పాలైంది. ఆ రోజుల్లో తల్లి కడుపున పడినవారిని దాదాపు 60 ఏళ్ల తరువాత పరీక్షించగా, ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 అనే జన్యువు మీది మిథైల్ గుర్తులు, కరువు తగలని వారి తోబుట్టువులతో పోలిస్తే తక్కువగా ఉన్నట్టు 2008లో వెల్లడైంది. ఇక్కడ జన్యువు మారలేదు. అది ఎంత పనిచేయాలో నియంత్రించే రసాయన గుర్తులు మారాయి. ఇవే ఎపిజెనెటిక్ గుర్తులు.

అయితే ఇది కడుపులోని బిడ్డకు నేరుగా తగిలిన దెబ్బే తప్ప వారసత్వం కాదు. గర్భంలో ఉన్న ఆడశిశువు శరీరంలోనే ఆమె భవిష్యత్ సంతానానికి మూలమైన కణాలు కూడా ఉంటాయి కనుక, తల్లి వైపు నుంచి చూస్తే కరువు ఏమాత్రం సోకని మొదటి తరం ఆ గర్భిణి మునిమనవలది. మనుషుల్లో అంతదూరం పోయి నిరూపించడం చాలా కష్టం. పైగా బీజకణాలు తయారయ్యేటప్పుడూ, ఫలదీకరణ తరువాతా ఈ గుర్తుల్లో అత్యధిక భాగం చెరిగిపోతాయి. యూదుల నరమేధం నుంచి బయటపడినవారి గుర్తుల ప్రభావం వారి సంతానంలోనూ కనిపించిందంటూ రేచెల్ యెహూదా అనే శాస్త్రవేత్త బృందం చేసిన పరిశోధన ఎంతో ప్రచారం పొందింది గాని, అందులో ఉన్నది 32 మంది బాధితులు, వారి సంతానం 22 మంది. అంత చిన్న లెక్క మీద ఒక శిశువు తలరాత రాయడం న్యాయం కాదు.

దత్తత కుటుంబాలు తెలుసుకోవలసిన ప్రయోగం వేరే ఉంది, అది ఎలుకల మీద జరిగింది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం, కొన్ని తల్లి ఎలుకలు పిల్లలను బాగా నాకి సాకుతాయనీ, కొన్ని అంతగా పట్టించుకోవనీ గమనించింది. మొదటి రకం తల్లుల పిల్లలు పెద్దయ్యాక బెదురు తక్కువగా ఉంటాయి. రెండో రకం తల్లుల పిల్లలు చిన్న ఒత్తిడికే అతిగా స్పందిస్తాయి. ఇది రక్తగుణమేనా అని తేల్చడానికి వారు అప్పుడే పుట్టిన పిల్లలను తారుమారు చేశారు, అంటే ఎలుకల్లో దత్తత జరిపించారు. పట్టించుకోని తల్లికి పుట్టి, బాగా సాకే తల్లి దగ్గర పెరిగినవి కన్నతల్లిలా కాక పెంచిన తల్లిలా తయారయ్యాయని 1999లో ప్రకటించారు. ఆ ఆడపిల్లలు తల్లులయ్యాక తమ పిల్లలను కూడా అలాగే నాకి సాకాయి. ఒత్తిడి హార్మోనును అందుకొని ఒత్తిడిని అదుపుచేసే గ్రాహకానికి సంబంధించిన జన్యువు మీది మిథైల్ గుర్తులు సైతం పెంపకాన్ని బట్టే ఏర్పడుతున్నాయని 2004లో తేలింది. మనిషి ఎలుక కాదు, నిజమే. కానీ తరం నుంచి తరానికి వెళ్లేదంతా రక్తంలోనే వెళ్లదని ఇంత సూటిగా చెప్పే ప్రయోగం నాకు మరొకటి కనిపించదు.

సమాజం చేసే గాయం మాటకొస్తే దానికి జన్యువుల అవసరమే లేదు. 1866లో ఒడిశాలో వచ్చిన 'నఅంక' కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. గంజి కేంద్రాలలో తిని బతికినవారిని కులం నుంచి వెలివేయగా, వారు 'ఛత్రఖియా' అనే వేరే వర్గంగా మిగిలిపోయారు. తాతలు తిన్న గంజి మచ్చ మనవలకు అంటినది మిథైల్ వల్ల కాదు, ఇరుగుపొరుగు నోటి వల్ల.

కాబట్టి దత్తత ఇంటికి వచ్చే గతం ఒక్కటి కాదు. కన్నవారి గతం ఒకటి, గర్భంలోనూ తొలి నెలల్లోనూ బిడ్డ స్వయంగా అనుభవించినది ఒకటి, పెంచేవారి గతం ఒకటి. రెండోది బలమైనదే: రొమేనియాలో అనాథాశ్రమాల్లోని 136 మంది శిశువులపై జరిగిన బుఖారెస్ట్ పరిశోధన, రెండేళ్లు నిండకముందే కుటుంబాల్లోకి వెళ్లినవారు మొత్తం మీద మెరుగ్గా కోలుకున్నారని చూపింది. మూడోదాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగిన దుఃఖం, పేరంటానికి పిలవకుండా వదిలేసిన అవమానం, తన చిన్నతనంలో ఏడిస్తే దెబ్బలే తిన్న జ్ఞాపకం, ఇవన్నీ బిడ్డ ఏడుపు వినగానే పెంచిన తల్లిలో లేస్తాయి. 1975లో అమెరికన్ మనస్తత్వ నిపుణురాలు సెల్మా ఫ్రైబర్గ్ కన్నతల్లుల గురించే ఈ సంగతి రాశారు: బిడ్డ ఏడుపు వినపడనట్టు కూర్చునే ఒక తల్లి, తన చిన్ననాటి ఏడుపును ఎవరూ వినలేదని చెప్పుకొని ఏడ్చిన తరువాత బిడ్డను దగ్గరకు తీసుకోగలిగింది.

చికిత్స పెద్దవారితో మొదలవడానికి కారణం ఇదే. డెలావేర్ విశ్వవిద్యాలయంలో మేరీ డోజియర్ రూపొందించిన పద్ధతిలో శిక్షకురాలు 10 సార్లు ఇంటికే వస్తుంది. బిడ్డ తోసేసినా దగ్గరకు తీసుకోవడం, ఆటలో బిడ్డ వెంట నడవడం, గట్టిగా అరిచి భయపెట్టకపోవడం అక్కడికక్కడే నేర్పుతుంది. మామూలుగా ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గవలసిన కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను, నిర్లక్ష్యానికి గురైన పిల్లల్లో ఆ లయ తప్పుతుంది. ఈ శిక్షణ పొందిన కుటుంబాల పిల్లల్లో అది సర్దుకున్న దాఖలాలు ఉన్నాయి. తలగడ కింద అటుకులు దాచే పిల్లను దొంగ అనకుండా, అందేచోట ఎప్పుడూ ఒక గిన్నె ఉంచడం కూడా చికిత్సే. ఇందుకు నాయనమ్మ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆమెను కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి. బిడ్డను బలవంతంగా అదిమిపట్టి 'బంధం' కలిగిస్తామనే పద్ధతులను మాత్రం నమ్మరాదు. 2000లో అమెరికాలోని కొలరాడోలో అటువంటి చికిత్సలో పదేళ్ల దత్తపుత్రిక ఊపిరాడక చనిపోయింది.

సరిహద్దు ఊళ్లకు ఒక అనుకూలత ఉంది. శైశవంలోనే చైనా నుంచి మాంట్రియల్‌కు దత్తత వచ్చి ఫ్రెంచి మాత్రమే మాట్లాడే బాలికల మెదడు, చైనీస్ స్వరాలు వినగానే ఆ భాష తెలిసినవారి మెదడులాగే స్పందించిందని 2014లో తేలింది. ఒడియా విన్న శిశువు తెలుగు ఇంటికి వచ్చినా వీధిలో ఆ భాష వినబడుతూనే ఉంటుంది. దాన్ని మాన్పించకుండా ఉంటే చాలు.

మానవలసినది రహస్యం. ఊరంతటికీ తెలిసిన సంగతి బిడ్డకు మాత్రం పెళ్లి సంబంధాల నాడో, ఆస్తి తగాదాలోనో తెలిస్తే, అంతకాలం దాచినవారి మీదే నమ్మకం పోతుంది. మాటలు వచ్చే వయసు నుంచే కొద్దికొద్దిగా చెప్పడం మేలు. ప్రస్తుత నిబంధనల ప్రకారం ఆరు నెలలకొకసారి రెండేళ్లపాటు అధికారులు వచ్చి చూస్తారు, కానీ అసలు ప్రశ్నలు ఆ తరువాతే పుడతాయి. 18 ఏళ్లు నిండినవారు తమ మూలాల కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. బిడ్డను అప్పగించిన కన్నతల్లి అంగీకరించకపోతే ఆమె వివరాలు ఇవ్వరు. అందుకే దరఖాస్తు పెట్టకముందే పెంచిన తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి కూర్చొని, జవాబు రాని పక్షంలో ఏం చేయాలో మాట్లాడుకోవడాన్ని కూడా చికిత్సలో చేర్చాలి.