పప్పు తింటే చీము పడుతుందా? కుట్ల గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆపరేషన్ తర్వాత పప్పు, గుడ్డు, వంకాయ తింటే కుట్లకు చీము పడుతుంది.

వాస్తవం: చీముకు కారణం గాయంలోకి చేరిన క్రిములు. తిండి కాదు. వరంగల్‌లో సర్జన్‌గా నేను రౌండ్స్‌కు వెళ్తే ములుగు నుంచి వచ్చినవాళ్లూ, జనగామ నుంచి వచ్చినవాళ్లూ ఇదే అడుగుతారు: "సారూ, పప్పు పెట్టొచ్చా? చీము పడ్తదంటున్నరు." మంచం పక్కన టిఫిన్ డబ్బా మూత తీస్తే మెత్తటి అన్నం, నీళ్లలాంటి చారు, ఓ బ్రెడ్ ప్యాకెట్. గాయం మానాలంటే ప్రొటీన్ కావాలి. అది ఉండేది వీళ్లు మాన్పించిన పప్పులో, గుడ్డులోనే. పేగుల ఆపరేషన్ అయినవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్ చెప్పినట్టు పెట్టాలి. మిగతావాళ్లకు పత్యం పేరుతో కడుపు మాడ్చొద్దు.

నిజంగా ప్రమాదం పెంచేవి అదుపులో లేని షుగర్, బీడీ, సిగరెట్. ఇంట్లోవాళ్లు పప్పు మాన్పిస్తారు గానీ బీడీ మాన్పించరు. నాకు బాధనిపించేది అక్కడే.

అపోహ: చీము పట్టడం మంచిదే, లోపలి చెడంతా బయటికి పోతుంది.

వాస్తవం: ఒకప్పుడు యూరప్‌లో పేరున్న సర్జన్లు కూడా చీము గాయం మానుతుందనడానికి గుర్తు అనుకునేవారు. గాయం కుళ్లితే చెడు గాలి వల్ల అనేవారు. ఆ నమ్మకాన్ని కదిలించినవాడు జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్. 1827లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. తండ్రి మైక్రోస్కోప్ లెన్సులను మెరుగుపరిచినవాడు కావడంతో కంటికి కనపడని లోకం ఆయనకు చిన్నప్పటి నుంచే తెలుసు.

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ప్రొఫెసర్‌గా ఉన్నప్పుడు ఫ్రాన్స్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ రాసినవి చదివాడు. పాలు పులిసినా, మాంసం కుళ్లినా సూక్ష్మజీవులే కారణమైతే, గాయం కుళ్లడానికీ అవే కారణం కావాలి కదా! ఇంగ్లండ్‌లోని కార్లైల్ ఊళ్లో మురుగునీటి వాసన పోగొట్టడానికి కార్బాలిక్ యాసిడ్ వాడుతున్నారని విని, దాన్నే గాయాలకు తెచ్చాడు. 1865 ఆగస్టులో బండి చక్రం కాలి మీదుగా పోయిన 11 ఏళ్ల పిల్లాడు వచ్చాడు. బొక్క విరిగి, పైన గాయం. అప్పట్లో అలాంటి కాలును చాలాసార్లు తీసేసేవారు. లిస్టర్ కార్బాలిక్‌లో తడిపిన గుడ్డతో కట్టు కట్టాడు. నాలుగు రోజులకు కట్టు విప్పితే చీము లేదు. ఆరు వారాలకు బొక్క అతుక్కుంది.

ఆయన రాసుకున్న లెక్కలు చూడండి. 1864, 1866లో కాళ్లు, చేతులు తీసేసిన 35 మందిలో 16 మంది చనిపోయారు. ఆ ఆపరేషన్లలోనూ కార్బాలిక్ వాడాక, 1867 నుంచి 1869 వరకు 40 మందిలో ఆరుగురు. అప్పటికి పెన్సిలిన్ పుట్టనే లేదు.

మన దగ్గర ఇప్పటికీ ట్రాక్టర్ కింద పడి బొక్క బయటపడితే పసుపో, కాఫీ పొడో అద్ది తీసుకొస్తారు. దయచేసి ఏమీ పెట్టకండి. మంచినీళ్లతో మట్టి పోనిచ్చి, ఉతికిన బట్ట కప్పి, కాలు కదలకుండా చెక్క కట్టి, వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. ధనుర్వాతం రాకుండా వేసే ఇంజెక్షన్ (టీటీ అంటారే, అది), యాంటీబయాటిక్ ఎంత త్వరగా పడితే అంత మేలు.

అపోహ: యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడితే అంత సేఫ్.

వాస్తవం: చాలా ఆపరేషన్లలో అసలు పని చేసేది కోతకు ముందు ఇచ్చే డోసే. ఇన్ఫెక్షన్ లేనప్పుడు "ఇంకో నాలుగు రోజులకు రాయండి సార్" అంటే లాభం లేదు, మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి.

అపోహ: ఆపరేషన్‌కు ముందు రాత్రి ఇంట్లోనే వెంట్రుకలు బ్లేడుతో గీసుకుని రావాలి.

వాస్తవం: వద్దు. బ్లేడు చేసే సన్నటి గాట్లలోనే క్రిములు చేరతాయి. అవసరమైతే ఆస్పత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు.

అపోహ: గ్లౌజులు, స్టెరిలైజేషన్ అన్నీ లిస్టర్ పెట్టినవే.

వాస్తవం: కాదు. రబ్బరు గ్లౌజులను ఆపరేషన్ థియేటర్‌లోకి తెచ్చింది అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్, పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే పద్ధతి జర్మనీలో పెరిగింది. లిస్టర్ ఏళ్ల తరబడి గాలిలోకి కార్బాలిక్ స్ప్రే కొట్టించాడు. 1890లో బెర్లిన్ సభలో, దాన్ని సిఫారసు చేసినందుకు సిగ్గుపడుతున్నానని తానే చెప్పాడు. ఆయనలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

అపోహ: కుట్ల దగ్గర కొంచెం ఎర్రగా ఉంటే కట్టు విప్పి పసుపు రాస్తే తగ్గిపోతుంది.

వాస్తవం: ఎరుపు పాకుతున్నా, నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, వాసన వస్తున్నా, జ్వరం ఉన్నా ఇంట్లో కట్టు విప్పకండి. డిశ్చార్జ్ కాగితం తీసుకుని అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లండి.