ఓఈటీ లెటర్‌కి బరువైన ఇంగ్లీష్ కావాలా? అపోహలు - వాస్తవాలు

విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లీష్ పరీక్ష ఓఈటీ. దానికి నేర్పే నాకు నిన్న మళ్ళీ అదే తరహా వాక్యం ఎదురైంది. ఐసీయూలో ఆరేళ్ళు పనిచేసిన నర్సమ్మ రిఫరల్ లెటర్‌లో (పేషెంట్‌ని మరొకరి దగ్గరికి పంపుతూ రాసే లెటర్‌లో) ఇలా రాసింది: 'అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ ఇన్సులిన్ వాజ్ క్యారీడ్ అవుట్ ఆన్ ఎ డైలీ బేసిస్.'

"పేషెంట్‌కి ఏం చేశారమ్మా?" అని తెలుగులో అడిగాను.

"రోజూ ఇన్సులిన్ ఇచ్చాం మేడమ్."

"మరి అదే రాయొచ్చుగా! 'హీ వాజ్ గివెన్ ఇన్సులిన్ డైలీ.'"

"ఇంత తేలిగ్గా రాస్తే మార్కులు పోవా?"

అపోహ: క్రియ ఎంత బరువుగా ఉంటే అంత స్కోరు.

తేలిగ్గా రాస్తే మార్కులు పోవు. ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, వార్డులో చకచకా పనిచేసే పిల్లల్ని రైటింగ్ దగ్గర కూలదోస్తోంది. ఓఈటీ రైటింగ్‌ని ఆరు అంశాల మీద దిద్దుతారు. అందులో ఒకటి అచ్చంగా 'కన్సైజ్‌నెస్ అండ్ క్లారిటీ', దానికి 7 మార్కులు. లెటర్ దాదాపు 180-200 పదాలు. పై వాక్యానికి పది పదాలు పట్టాయి, సవరించినదానికి ఐదు. మిగిలిన ఐదింటిలో పేషెంట్ అలర్జీ చెప్పొచ్చు.

ఈ అలవాటు మన ఆఫీసు తెలుగులోంచే వచ్చిందని నా నమ్మకం. 'ఇచ్చాం' అనకుండా 'ఇవ్వడం జరిగింది' అంటాం కదా, అదే ఇంగ్లీష్‌లోకీ దిగుతుంది. 'క్యారీడ్ అవుట్', 'పర్ఫార్మ్డ్', 'అబ్జర్వ్డ్' కనిపిస్తే పక్కనున్న నామవాచకాన్ని చూడండి. అసలు క్రియ చాలాసార్లు అక్కడే దాక్కునుంటుంది: 'అసెస్‌మెంట్'లో 'అసెస్', 'ఇంప్రూవ్‌మెంట్'లో 'ఇంప్రూవ్'.

అపోహ: పాసివ్ (ఎవరు చేశారో చెప్పకుండా 'చేయబడింది' అనే తరహా వాక్యం) రాస్తే తప్పు.

కాదు. 'ద పేషెంట్ వాజ్ అడ్మిటెడ్' సహజం. ఎవరు చేర్చుకున్నారన్నది అక్కడ అనవసరం.

అపోహ: ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియకి 'అవుట్', 'అప్' లాంటి చిన్న మాట చేరినవి) లెటర్‌లో పనికిరావు.

'క్యారీ అవుట్' కూడా ఫ్రేజల్ వెర్బే! 'ఫాలో అప్' లేకుండా రిఫరల్ లెటర్ రాయడం కష్టం.

అపోహ: 'ఈజ్ హ్యావింగ్ డయాబెటిస్' మర్యాదగా ఉంటుంది.

మర్యాద సంగతి కాదు, వ్యాకరణం తప్పు. 'హ్యాజ్ డయాబెటిస్' చాలు.

రెండుసార్లు రాసి రైటింగ్‌లోనే ఆగిపోయామని ఏడ్చినవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళలో చాలామంది ఆగిపోయింది ఇంగ్లీష్ రాక కాదు, ఉన్న ఇంగ్లీష్‌ని నమ్మక. ఆ నర్సమ్మ సాయంత్రానికే లెటర్ తిరగరాసి పంపింది. 'రిడక్షన్ ఇన్ టెంపరేచర్ వాజ్ అబ్జర్వ్డ్' ఉన్నచోట ఇప్పుడు 'హిజ్ ఫీవర్ సెటిల్డ్ ఆన్ డే త్రీ' ఉంది.