రెండు రౌండ్లు పరుగెత్తితే వార్మప్ అయిపోదు

మోకాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని నా ముందు కూర్చునే ప్రతి ఆటగత్తెనూ నేను మొదట అడిగేది ఒకటే: "ఆటకు ముందు వార్మప్ ఏం చేశావమ్మా?" జవాబు ఎప్పుడూ మారదు. గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు, ఆపైన కూర్చుని కాళ్లు సాగదీయడం. "ఒంటికాలి మీద నిలబడే వ్యాయామాలు చేయలేదా?" అంటే పక్కనున్న తల్లి అందుకుంటుంది: "దీనికి చిన్నప్పటి నుంచీ నిలకడ తక్కువండీ. అది పుట్టుకతో రావాలి కదా."

ఈ ఒక్క మాట పాడుచేసినన్ని మోకాళ్లను ఏ ఆటా పాడుచేయలేదని నా అనుమానం. నిలకడ పుట్టుకతో వచ్చే సొత్తు కాదు. పాదం, చీలమండ, మోకాలు పంపే కబురును నాడులు మోసుకెళ్లాలి, కండరం వెంటనే బదులివ్వాలి. సాధన చేస్తే ఆ బదులు వేగం పుంజుకుంటుంది. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు చాలాసార్లు ఎవరూ గుద్దకుండానే తెగుతుంది. దూకి దిగేటప్పుడో, పరుగులో చటుక్కున పక్కకు తిరిగేటప్పుడో మోకాలు లోపలికి వాలుతుంది, అంతే. ఈ ముప్పు అబ్బాయిలకంటే అమ్మాయిలకే ఎక్కువ.

నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలు 1,892 మందితో జరిపిన పరిశోధన 2008లో వెలువడింది. ఫిఫా 11+ పేరుతో ఇప్పుడు అందరికీ తెలిసిన 20 నిమిషాల వార్మప్ చేసిన జట్లలో మొత్తం గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. తీవ్రమైన గాయాలు ఇంకా ఎక్కువే తగ్గాయి. అందులో పరుగూ ఉంది, కానీ నడుమ పది నిమిషాలు బలానికి, దూకడానికి, నిలకడకు కేటాయించారు.

నేను కబడ్డీ పిల్లలతో చేయించేదీ అక్కడిదే. మోకాలు కాస్త వంచి ఒంటికాలి మీద నిలబడాలి. ఎదురుగా ఉన్న స్నేహితురాలితో బంతి విసురుకోవాలి. ఒక్కో కాలికి 30 సెకన్లు, రెండేసి సార్లు. అది కుదిరాక బంతి పక్కన పెట్టి ఒకరినొకరు మెల్లగా తోసుకోవాలి. మోకాలు పాదానికి సూటిగా పైనే ఉండాలి, బొటనవేలి వైపు కూలకూడదు.

కూతకు వెళ్తే మెరుపులా తిరిగే ఒక అమ్మాయి తొలిరోజు ఎడమకాలి మీద ఆరు సెకన్లు నిలవలేకపోయింది. కాలివేళ్లు మ్యాట్‌ను గోళ్లతో పట్టుకున్నట్టు ముడుచుకుపోయాయి. వాళ్ల వ్యాయామ ఉపాధ్యాయుడు "సర్కస్ నేర్పుతున్నారా?" అన్నారు. కళ్లు మూసుకుని మీరూ ఒకసారి నిలబడండి సార్ అన్నాను. పిల్లలు నాలుగు లెక్కపెట్టేసరికి ఆయన రెండోకాలు కింద పెట్టేశారు! ఇప్పుడు 30 సెకన్లకు ఈల వేసేది ఆయనే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఖరీదైన బ్యాలెన్స్ బోర్డు అక్కర్లేదు, గ్రౌండు చాలు. టోర్నమెంటుకు ముందు వారం చేస్తే లాభం లేదు, సీజన్ పొడవునా వారానికి రెండుసార్లైనా చేయాలి. చీలమండ బెణికి వాపు తగ్గితే నిలకడ తిరిగొచ్చినట్టు కాదు. బెణికిన కాలే మళ్లీ మళ్లీ బెణికేది అందుకే.

"ఆట మానిపించేద్దామా?" అని భయంగా అడిగే అమ్మలకు: వద్దమ్మా. అయితే పడినప్పుడు మోకాలిలో 'టక్'మని, కొన్ని గంటల్లోనే వాచిపోతే మాత్రం ఈ వ్యాయామాలేవీ మొదలుపెట్టకండి. ముందు ఎముకల డాక్టరుకు చూపించండి.