పైపు మోగిందని గోడ పగలగొట్టకండి

"గోడలో పైపు పగిలినట్టుంది నాయనా, రాత్రంతా దడదడమంటూనే ఉంది. పొద్దున్నే టైల్స్ తీయించేద్దామా?"

ప్లంబింగ్ పని అయిన వారం లోపు నాకు ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. పాతికేళ్లుగా విజయవాడలో ఇదే నా పని. అంత డబ్బు పోసి చేయించుకున్నాక, కంటికి కనబడని పైపు మోగుతుంటే నిద్ర పట్టకపోవడం నాకు అర్థమవుతుంది. పక్కింటివాళ్లు "లీకే అయ్యుంటుంది" అనగానే సుత్తి పట్టించడం మాత్రం వద్దు.

అపోహ: చప్పుడొస్తే లోపల లీకు ఉన్నట్టే.

వాస్తవం: ముందు ఆ చప్పుడు ఎప్పుడొస్తోందో చూడండి. కొళాయి తిప్పినప్పుడు గుర్రుమన్నా, కట్టగానే ఒక్కసారి ధడ్‌మన్నా అది నీళ్లు కదలడం వల్ల వచ్చేదే. లీకు వేళ చూసుకుని రాదు, కొళాయిలన్నీ కట్టేసినా కారుతూనే ఉంటుంది. చాలా లీకులు అసలు చప్పుడే చేయవు. పెయింటు ఉబ్బడమో, కింది పోర్షన్ స్లాబులో తడి కనబడటమో జరిగితే తెలుస్తుంది.

అనుమానం పోకపోతే రాత్రి మోటారు ఆపండి. కొళాయిలు, ఫ్లష్ ట్యాంకులకు నీళ్లిచ్చే చిన్న వాల్వులు (యాంగిల్ కాక్‌లు) కట్టేయండి. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో గుర్తు పెట్టి తెల్లారి చూడండి. నీళ్లు తగ్గకపోతే గోడ జోలికి వెళ్లకండి. ప్రెజర్ పంపు ఉన్న ఇంట్లో ఎవరూ కొళాయి తిప్పకుండానే అది ఆగి ఆగి ఆన్ అవుతుంటే, అప్పుడు అనుమానించాలి. అప్పుడు కూడా ఏ లైనుకు ఆ లైను వాల్వ్ కట్టి, తేడా ఎక్కడుందో తేలాకే సుత్తి ఎత్తాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పని నేర్చుకునే రోజుల్లో, మా మేస్త్రీ లేనప్పుడు ఒక పెద్దాయన ఇంట్లో నేనే గోడ కొట్టాను. ఆరు టైల్స్ పోయాయి. లోపల పైపు పొడిగా, గట్టిగా ఉంది. సాయంత్రం మేస్త్రీ వచ్చి, సగం తెరిచి ఉన్న గేట్ వాల్వ్‌ను పూర్తిగా తిప్పాడు. చప్పుడు ఆగిపోయింది. వాల్వ్ లోపలి బిళ్ల నీటి వడికి ఊగుతూ కొట్టుకుంటోందంతే. ఆ డిజైను టైల్స్ మళ్లీ దొరకలేదు. పెద్దాయన నన్నొక్క మాట అనలేదు. ఆ గోడ మీద రంగు తేడా గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

అపోహ: గాలి పట్టింది, నాలుగు రోజుల్లో అదే పోతుంది.

వాస్తవం: గుడగుడమంటూ నీళ్లు ఎగిరెగిరి పడుతుంటే గాలే. కొళాయి మూతి జాలీలు విప్పి, కింది అంతస్తు నుంచి మొదలుపెట్టి అన్నీ కాసేపు పూర్తిగా వదలండి. జాయింట్లకు చుట్టే టెఫ్లాన్ టేపు ముక్కలు, ఇసుక కూడా బయటికొస్తాయి. సన్నగా ఈల వేసే కొళాయిలకు చాలాసార్లు ఆ ముక్కలే కారణం. మళ్లీ మళ్లీ గాలి పడుతుంటే ట్యాంకు దగ్గర దిగే లైనుకి ఎయిర్ పైపు పెట్టారో లేదో చూడండి.

కొళాయి కట్టగానే వచ్చే దెబ్బ మాత్రం ఎన్ని రోజులైనా పోదు. సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీటిని ఒక్కసారిగా ఆపితే ఇనుప పైపులో చదరపు సెంటీమీటరుకు పది కేజీలకు పైగా అదనపు ప్రెజర్ పుడుతుంది, సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులో దాదాపు అందులో సగం. పావు తిప్పుకే కట్టుకునే కొత్త కొళాయిలు, పైన ప్రెజర్ పంపు ఉంటే మరీ ఎక్కువ. పంపు ప్రెజర్ తగ్గించి, వదులుగా ఉన్న పైపును బిగించాలి. పొద్దున్నే టైల్స్ తీయిద్దామన్న అమ్మగారి ఇంట్లో, డాబా మీంచి దిగే పైపు గోడకు కొట్టుకుంటోంది. రెండు క్లాంపులు వేశాను, పావుగంట పట్టింది.

వేడినీళ్ల లైను టిక్ టిక్‌మంటే భయపడొద్దు. 3 మీటర్ల సీపీవీసీ పైపు 30 డిగ్రీలు వేడెక్కితే 5, 6 మిల్లీమీటర్లు సాగుతుంది, ఆ సాగడంలో క్లాంపుకు రాసుకుంటుంది. గీజర్ విషయంలో ఒక్క జాగ్రత్త: పని అయ్యాక వేడినీళ్ల కొళాయిలో ధార నిండుగా, గాలి లేకుండా వచ్చేదాకా స్విచ్ వేయకండి.