పద్దెనిమిది నిండితే గేటు బయటికేనా? హోమ్ నుంచి కాలేజీకి వెళ్లే పిల్లల గురించి అపోహలు – వాస్తవాలు

ప్లస్ టూ ఫలితాలు వచ్చే రోజుల్లో నా ఫోను ఊరుకోదు. "మేడమ్, మావోడికి ఆగస్టుకి పద్దెనిమిది నిండిపోతాయి. ఇంక ఏటీ రాదట కదా, చదువు మాన్పించేసి పనికి పంపేద్దుమా?" అని అడుగుతారు. పర్లాకిమిడి నుంచి ఒక పిన్ని, గుణుపురం నుంచి ఒక మేనమామ, కాశీనగర్ వైపు నుంచి హోమ్‌లో వంట చేసే ఒకావిడ. ఎవరు చెప్పారమ్మా అంటే "అందరూ అంటున్నారండి" అంటారు. ఆ అందరూ ఎవరో నాకు ఇప్పటికీ దొరకలేదు.

నేను ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో, ఇంట్లో చూసుకునే దారి లేని పిల్లలు ఉండే హోమ్‌లతో కేస్‌వర్కర్‌గా పనిచేస్తున్నాను. సీడబ్ల్యూసీ అంటే పిల్లలు ఎక్కడ ఉండాలో ఆర్డరు ఇచ్చే బాలల సంక్షేమ కమిటీ, డీసీపీయూ అంటే జిల్లా బాలల పరిరక్షణ విభాగం, ఆఫ్టర్‌కేర్ అంటే 18 నిండి హోమ్ వదిలాక ఇచ్చే సాయం. ఈ పిల్లలతో సంబంధం ఉన్నవాళ్లు రోజూ వినే మాటలే అవి. నా గొడవంతా ముఖ్యంగా ఒక్క అపోహతోనే. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: 18 నిండిన రోజుతో అంతా అయిపోయింది

అయిపోలేదు. హోమ్‌లో ఉండే గడువు ముగుస్తుంది, అంతే. 2015 నాటి జువెనైల్ జస్టిస్ (జేజే) చట్టంలో 46వ సెక్షన్ ఉన్నదే 18 నిండి సంస్థ నుంచి బయటికి వచ్చేవాళ్ల కోసం. ఆ చట్టం ప్రకారం ఆఫ్టర్‌కేర్ అంటే 18 నుంచి 21 ఏళ్ల వరకు. ఆ చట్టం కింద వచ్చిన 2016 మోడల్ రూల్స్‌లో 25వ రూలు చూస్తే, ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో రెండేళ్లు, అంటే 23 దాకా కూడా సాయం కొనసాగించవచ్చు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయలు. ఆ డబ్బు హోమ్ ఖాతాలోకి వెళ్లదు, ఆ అబ్బాయి లేదా అమ్మాయి సొంత బ్యాంకు ఖాతాలోకే రావాలి. డబ్బు ఒక్కటే కూడా కాదు. పై చదువుకు స్కాలర్‌షిప్, పని నేర్చుకునేటప్పుడు స్టైపెండ్, ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండేలా తాత్కాలిక వసతి, మాట్లాడటానికి ఒక కౌన్సెలర్, ఇవన్నీ ఆ రూల్లో రాసే ఉన్నాయి.

మరి ఇంతమందికి ఎందుకు రావడం లేదు? ఇది పుట్టినరోజున దానంతట అదే మొదలయ్యే పెన్షన్ లాంటిది కాదు కనుక. చట్టం దీన్ని తప్పనిసరి చెల్లింపుగా పెట్టలేదు. జిల్లా నుంచి ప్రతిపాదన వెళ్లాలి, సీడబ్ల్యూసీ ఆర్డరు రావాలి, బడ్జెట్ ఉండాలి. అడిగినవాళ్ల ఫైలు కదులుతుంది, అడగనివాళ్లకు అసలు ఫైలే ఉండదు.

రూలు ప్రకారం పిల్లలు సంస్థ వదలడానికి రెండు నెలల ముందే పోస్ట్ రిలీజ్ ప్లాన్ తయారై సీడబ్ల్యూసీ ముందుకు రావాలి. ఎక్కడ చదువుతారు, ఎక్కడ ఉంటారు, ఖర్చు ఎంత, ఎవరు చూసుకుంటారు అన్నీ అందులో ఉండాలి. నేను చూసిన ప్లాన్లలో చాలావాటిలో ఒకే ఒక్క లైను ఉంటుంది: "బంధువుల వద్దకు పంపవచ్చును". ఆ పిల్లని కూర్చోబెట్టి నీకేం చదవాలని ఉందమ్మా అని ఎవరూ అడిగి ఉండరు. నన్నడిగితే ఈ ప్లాన్ పని 17 నిండగానే మొదలుపెట్టాలి. రెండు నెలల్లో ఆధార్ సరిచేయించడమే అవదు, ఇంక కాలేజీ సీటు ఎక్కడ?

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. డబ్బు పరంగా అన్నిటికంటే ఖరీదైనది ఇదే. "ఎలాగూ ఏడాదిలో బయటికి రావాలి కదా, ఇప్పుడే ఇంటికి తీసుకుపోతాం" అని బంధువులు 17 ఏళ్లకే వస్తారు. హోమ్ వాళ్లకూ ఒక తల తగ్గితే సుఖమే. సీడబ్ల్యూసీ ముందు అందరూ సరే అంటారు, పిల్లని అప్పగించేస్తారు. కానీ 46వ సెక్షన్ మాట్లాడుతున్నది 18 నిండి సంస్థ నుంచి బయటికి వచ్చేవాళ్ల గురించి. ముందే ఇంటికి వెళ్లిపోతే ఆఫ్టర్‌కేర్ అడగడానికి కాళ్ల కింద నేల ఉండదు. ఇంటికి పంపిన పిల్లలకు స్పాన్సర్‌షిప్ అని వేరే సాయం ఉంది, కానీ అది 18తో ఆగిపోతుంది. పైగా దానికి ఆదాయ పరిమితి ఉంది: పల్లెల్లో ఏడాదికి 72,000, పట్నాల్లో 96,000.

ఒక అమ్మాయి గుర్తొస్తోంది. ప్లస్ టూ సైన్స్, నర్సింగ్ చదవాలని పట్టుదల. పదిహేడున్నర ఏళ్లకు వాళ్ల పెదనాన్న వచ్చాడు. మంచివాడే. సరిహద్దుకి అవతల పాతపట్నం దగ్గర కౌలు సేద్యం, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. "మా పిల్ల ఇంకొకరి పంచన ఎందుకుండాలమ్మా" అన్నాడు. తప్పు పట్టడానికి ఏముంది అందులో? తీసుకెళ్లాక ఏం చేస్తారు బాబూ అని అడిగితే కాసేపు నేల చూసి, "సంబంధాలు సూత్తాం" అన్నాడు. ఆరోజు ఆయనతో గంటకు పైగా మాట్లాడాను. పిల్లని ప్రేమించొద్దని నేను అనలేదు. సంక్రాంతికి తీసుకెళ్లండి, దసరాకి తీసుకెళ్లండి, ఫోన్ చేయండి, కానీ అప్పగింత కాగితం మీద మాత్రం ఇప్పుడు సంతకం పెట్టకండి అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. ఆ అమ్మాయి ఇప్పుడు బరంపురంలో చదువుతోంది. ఆఫ్టర్‌కేర్ డబ్బు మూడు నాలుగు నెలలది కలిపి ఒకేసారి పడుతుంటే ప్రతిసారీ నాకు ఫోన్ చేసి తిడుతుంది. తిట్టడానికి హక్కుంది తనకి.

వయసు లెక్క కూడా ఒకసారి వేసుకోండి. 18కి ప్లస్ టూ అయితే ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, 21కి అవుతుంది, సరిపోయింది. ఇంజినీరింగ్ అయితే 22. మన హోమ్ పిల్లల్లో చాలామంది బడిలో చేరిందే ఆలస్యంగా కనుక 18 నిండేసరికి ఇంకా ప్లస్ టూ మొదటి ఏడాదిలోనో, పదిలోనో ఉంటారు. వాళ్లకు 21 దాటాక పొడిగింపు కావాల్సిందే. చదువు మధ్యలో ఉందని కాలేజీ నుంచి సర్టిఫికెట్ తెచ్చి, 21 నిండకముందే అర్జీ పెట్టాలి. నిండాక పరుగెత్తుకొస్తే ఆగిపోయిన డబ్బును మళ్లీ మొదలుపెట్టించడం వేరే యుద్ధం.

బయటికి వచ్చేసి ఏడాదైంది, ఇంక లాభం లేదనుకునేవాళ్లకు కూడా ఒక మాట. గంజాం కుర్రాళ్లు సూరత్ మగ్గాలకు వెళ్లడం తెలిసిందే. మా వైపు హోమ్ కుర్రాళ్లు హైదరాబాద్, చెన్నై, కేరళ పోతారు. అలా వెళ్లిన ఒకడు చెన్నై నుంచి ఫోన్ చేసి, "అక్కా, మళ్లీ చదువుకుంటానంటే నవ్వుతారా?" అన్నాడు. 18 నిండాకే హోమ్ వదిలాడు, ఇంకా 21 రాలేదు. చట్టం నిర్వచనంలోకి వాడు ఇప్పటికీ వస్తాడు. వచ్చి సీడబ్ల్యూసీకి అర్జీ పెట్టుకోవచ్చు. వాడికి అదే చెప్పాను. నవ్వేవాళ్లు నవ్వుతారు, నువ్వు రైలెక్కు అని కూడా చెప్పాను.

అపోహ: తల్లి బతికే ఉంది కనుక మావాడికి రాదు

ఆఫ్టర్‌కేర్‌కి అనాథ కావాల్సిన పని లేదు. సంస్థలో పెరిగి 18 నిండాక బయటికి వచ్చారా లేదా అన్నదే ప్రశ్న. హోమ్‌లలో తల్లో తండ్రో ఉన్న పిల్లలు బోలెడుమంది. కొన్ని స్కాలర్‌షిప్‌లు మాత్రం అనాథలకే, వాటిని దీనితో కలపకండి.

అపోహ: ఆశ్రమ స్కూల్లో చదివాడు, అదీ హోమే కదా

కాదు. మన జిల్లాల్లో ఇదొక పెద్ద గందరగోళం. ఎస్టీ ఎస్సీ శాఖ నడిపే ఆశ్రమ స్కూళ్లు, హాస్టళ్లు వేరు. జేజే చట్టం కింద రిజిస్టరై, సీడబ్ల్యూసీ ఆర్డరుతో పిల్లల్ని చేర్చుకునే సంస్థలు వేరు. ఆఫ్టర్‌కేర్ ఈ రెండో రకం వాళ్లకు. ఆశ్రమ స్కూలు పిల్లలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ దారి ఉంది, అటు వెళ్లండి. ఏ సీడబ్ల్యూసీ ఆర్డరూ లేకుండా ఎవరో దయతో పెంచుతున్న ఇళ్లలో ఉన్న పిల్లల సంగతి అన్నిటికంటే కష్టం. వాళ్లకు 18 రాకముందే సీడబ్ల్యూసీ ముందు నిలబెట్టండి.

అపోహ: వీడియోలో అనాథలకు రిజర్వేషన్ ఉందని చెప్పారు

ఉంది. ఎక్కడ? మనం తెలుగులో చూసే వీడియోలు విజయవాడ, హైదరాబాద్‌లో చేసినవి. ఆంధ్ర, తెలంగాణ బీసీ-ఏ జాబితాలో అనాథలు ఉన్న మాట నిజం. పదేళ్లలోపే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న ఆశ్రమాల్లో చేరినవాళ్లకు అది. మహారాష్ట్రలో 2018లో అనాథలకు 1 శాతం సమాంతర రిజర్వేషన్ పెట్టారు, సిరోంచ, రాజురా వైపు మన తెలుగువాళ్లకు అది ఉపయోగమే, కానీ అక్కడి మహిళా శిశు అభివృద్ధి శాఖ ఇచ్చే అనాథ ప్రమాణపత్రం ఉండాలి. ఆ రెండూ ఒడిశా కాలేజీలో చెల్లవు. ఇక్కడ డిగ్రీ సీట్లు సామ్స్ అనే ఒడిశా ప్రభుత్వ అడ్మిషన్ పోర్టల్‌లో. అనాథ పిల్లలకు ఫీజు లేకుండా చేరడానికి గ్రీన్ పాసేజ్ అని ఒక దారి ఉంది. ఫారం నింపేటప్పుడే దాని గురించి అడగండి. సీటు వచ్చి ఫీజు కట్టేశాక గుర్తొచ్చిందంటే ఏం చేయాలి నేను?

అపోహ: పీఎం కేర్స్ పది లక్షలు అందరు అనాథలకూ వస్తాయి

రావు. 2020 మార్చి 11 నుంచి 2022 ఫిబ్రవరి 28 మధ్య కోవిడ్ వల్ల తల్లిదండ్రులిద్దరినీ, లేదా ఉన్న ఒక్కరినీ, లేదా చట్టబద్ధ సంరక్షకుల్ని పోగొట్టుకున్న పిల్లలకు మాత్రమే ఆ పథకం. 23 ఏళ్లకు వాళ్ల చేతికి పది లక్షలు. మీ పేరు కొత్తగా రాయిస్తామని అయిదొందలు, వెయ్యి అడిగేవాళ్లకు టీ కూడా పోయకండి.

అపోహ: నెలకు నాలుగు వేలు వస్తే చదువు అయిపోయినట్టే

తిండికి, బస్సుకి, పుస్తకాలకు అవుతుంది. ప్రైవేటు ఇంజినీరింగ్ ఫీజుకి చాలదు. డిప్లొమా, ఇంజినీరింగ్ లాంటి, ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉన్న కోర్సుల్లో చేరితే స్వనాథ్ స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 50,000. అనాథలకు, కోవిడ్‌తో తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్లకు, అమరులైన సైనికుల పిల్లలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు. పర్లాకిమిడిలో బీఏ చదివేవాళ్లకు ఇది వర్తించదు. రెండు స్కాలర్‌షిప్‌లు ఒకేసారి పెట్టి రెండూ పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. కులం సర్టిఫికెట్ ఉంటే ఏది ఎక్కువ వస్తుందో ముందే లెక్క చూసుకోండి.

అపోహ: ఫోస్టర్ కుటుంబంలో పెరిగితే దత్తత అయినట్టే

కాదు. ఫోస్టర్ అంటే దత్తత లేకుండా పెంచడానికి పిల్లని ఒక కుటుంబానికి అప్పగించడం, దత్తతకు వేరే ప్రక్రియ ఉంది. 2024 ఫోస్టర్ కేర్ మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు పెంచాక ఆ కుటుంబం దత్తతకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతవరకే.

అపోహ: ఆర్డరు వచ్చేసింది, ఇంక పడిపోతాయి

ఆర్డరు చేతికొచ్చాక కూడా డబ్బు పడకపోతే నేను మొదట చూసేది ఫోన్ నంబరు. చిన్నప్పుడు ఆధార్ తీయించినప్పుడు హోమ్ సూపరింటెండెంట్ నంబరో, ఉద్యోగం మానేసి ఎప్పుడో వెళ్లిపోయిన ఒక స్టాఫ్ నంబరో ఇచ్చి ఉంటారు. ఓటీపీలన్నీ ఆ ఫోన్‌కే పోతుంటాయి. 15 నిండాక చేయించాల్సిన వేలిముద్రల అప్‌డేట్ కూడా చాలామందికి అయి ఉండదు. బ్యాంకు ఖాతా ఇంకా మైనర్ ఖాతాగానే ఉంటుంది. 18 నిండిన వారంలోనే బ్యాంకుకి వెళ్లి కేవైసీ చేయించి, ఖాతా సొంత పేరు మీద, సొంత సంతకంతో మార్పించండి. ఆధార్ లింకు అయిందో లేదో అక్కడే అడిగి, పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో తీసి డీసీపీయూకి ఇవ్వండి. సిమ్ కార్డు మాత్రం పిల్లల పేరు మీదే కొనండి, మావయ్య పేరు మీద వద్దు.